నా కూతురు ఇంట్లో ఉంటానంది

పోయిన అక్టోబరులో ఒక శనివారం పొద్దున అట్లు పోస్తున్నాను. మా అమ్మాయి వంటింటి బల్ల దగ్గర కాలేజీ అప్లికేషన్లు ముందేసుకుని కూర్చుంది. పదిహేడేళ్లు దానికి. రెండో అట్టు పళ్లెంలో వేస్తుంటే, వాతావరణం సంగతి చెప్పినంత మామూలుగా, "అమ్మా, నాకు పిల్లలు పుడితే వాళ్లు స్కూలుకి వెళ్లేదాకా నేను ఇంట్లోనే ఉంటాను. జాబ్ చెయ్యను" అంది.

పెనం మీది అట్టు మాడిన వాసన వచ్చేదాకా నేను తేరుకోలేదు. "ఎవరు చెప్పారు నీకు ఇలాంటివి?" అన్నాను. దానంతట దానికే అలా అనిపించి ఉండొచ్చని నాకు తట్టనే లేదు.

"ఎవరూ చెప్పలేదు. నాకే అనిపించింది."

మావారు కాఫీ తాగుతూ, "మంచిదే కదా, దానికి ఇష్టమైతే" అన్నారు. నాకు దాని మీద కన్నా ఆయన మీద ఎక్కువ కోపం వచ్చింది. ఆ రోజు సాయంత్రం దాకా ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

ఆ కోపం ఎక్కడిదో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఎంసీఏ చదివి హైదరాబాదులో ఏడాదిన్నర ఉద్యోగం చేశాను. మొదటి జీతంతో అమ్మకి చీర, నాన్నకి వాచీ కొన్నాను. 2005లో పెళ్లయింది. 2006లో అమెరికాలోని మేరీల్యాండ్ వచ్చాం. ఆయనది ఉద్యోగానికి వచ్చేవాళ్లకిచ్చే హెచ్1బి వీసా, నాది వాళ్ల భార్యలకిచ్చే హెచ్4. ఆ రోజుల్లో హెచ్4 మీద వచ్చిన భార్య ఇక్కడ ఉండొచ్చు, చదువుకోవచ్చు, పిల్లల్ని కనొచ్చు. ఒక్క డాలరు మాత్రం సంపాదించకూడదు. అప్పట్లో సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా ఉండేది కాదు. డాక్టరు దగ్గర ఫారం నింపేటప్పుడు 'ఉద్యోగం' అని ఉన్న గడి దగ్గరికి వచ్చేసరికి నా పెన్ను ఆగిపోయేది.

మావారు డబ్బు విషయంలో నన్ను ఏనాడూ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. అది చెప్పకపోతే ఆయనకి అన్యాయం చేసినట్టే. అయినా ఇండియన్ స్టోర్లో ఐదు డాలర్ల గాజులు కొన్నా ఇంటికొచ్చి చెప్పేదాన్ని. ఎవరూ అడగని లెక్క నా అంతట నేనే అప్పజెప్పడం అలవాటైపోయింది. ఆ అలవాటు మనిషిలో ఎంత లోతుకి దిగుతుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

ఒబామా ప్రభుత్వం తెచ్చిన రూలు 2015 మే 26న అమల్లోకి వచ్చింది. భర్త గ్రీన్‌కార్డు కోసం పెట్టిన ఐ-140 అనే దరఖాస్తు ఆమోదం అయి ఉంటే భార్య వర్క్ పర్మిట్‌కి అప్లై చేసుకోవచ్చన్నారు. నాకు కార్డు సెప్టెంబరులో వచ్చింది. ఆ కవరు పట్టుకుని మెయిల్‌బాక్సుల దగ్గరే నిలబడి ఏడ్చాను. 2016లో ఒక చిన్న కంపెనీలో టెస్టర్‌గా చేరి, నాకన్నా పదేళ్లు చిన్నవాళ్ల దగ్గర పని నేర్చుకున్నాను. ట్రంప్ మొదటిసారి వచ్చినప్పుడు ఆ రూలు రద్దు చేస్తామన్నారు. చెయ్యలేదు కానీ ఆ నాలుగేళ్లూ రెన్యూవల్ అంటేనే టెన్షన్.

ఇంట్లో ఉన్న ఆ పదేళ్లలో నన్ను చూసి ఇద్దరు ఆడవాళ్లు అన్న మాటలు నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

ఒకరు పక్కింటావిడ. నలుగురు పిల్లలు. వాళ్లకి ఇంట్లోనే చదువు చెప్పేది. ఆదివారం చర్చి మానదు. ఓటు ఎప్పుడూ రిపబ్లికన్లకే. మా అమ్మాయి పుట్టినప్పుడు ఎవరూ అడక్కుండానే వారం రోజులు వంట చేసి తెచ్చిపెట్టింది. మేం మాంసం తినమని తెలిసి కూరగాయలతో చేసి తెచ్చేది. "పిల్లల కోసం ఇంట్లో ఉండాలని నిర్ణయించుకున్నావు, ఎంత మంచి పని చేశావో" అని నన్ను మెచ్చుకునేది. రెండో ఆవిడ లైబ్రరీలో పిల్లల కథల కార్యక్రమంలో పరిచయమైంది. డెమోక్రాటిక్ పార్టీ తరఫున ఇల్లిల్లూ తిరిగే మనిషి. "ఇంత చదువుకుని ఇంట్లో ఎందుకు ఉండిపోయావు? నీ జీవితం నీ ఇష్టం కదా" అని బాధగా అడిగేది. ఇద్దరూ నా మేలు కోరినవాళ్లే. నేను ఇంట్లో ఉండటం నా నిర్ణయమేనని ఇద్దరూ అనుకున్నారు. ఇమిగ్రేషన్ వాళ్లు నన్ను ఇంట్లో కూర్చోబెట్టారని ఇద్దరికీ తెలియదు. చెప్పినా వాళ్లకి అర్థమయ్యేది కాదు. పుట్టి పెరిగిన దేశంలో ఉన్నవాళ్లకి వీసా అంటే ఏమిటో ఎలా తెలుస్తుంది?

అప్పట్నుంచి ఈ దేశంలో కన్సర్వేటివ్‌లు 'కుటుంబం' అన్నప్పుడూ, లిబరల్‌లు 'ఇష్టం' అన్నప్పుడూ నేను రెండు చెవులూ పెట్టి వింటున్నాను. ఈ తగవు ఇవాళ్టిది కాదు. 1971లో దేశమంతటా పిల్లల సంరక్షణ కేంద్రాలు పెట్టే బిల్లుని కాంగ్రెస్, అంటే ఇక్కడి పార్లమెంటు, పాస్ చేస్తే ప్రెసిడెంట్ నిక్సన్ వీటో చేశారు. కుటుంబం చెయ్యాల్సిన పెంపకాన్ని సామూహికం చేసే వైపు ప్రభుత్వం మొగ్గినట్టవుతుందన్నది ఆయన వాదన. ఆ మరుసటి ఏడాది ఆడా మగా సమానమనే రాజ్యాంగ సవరణ కాంగ్రెస్ దాటింది. 38 రాష్ట్రాలు ఒప్పుకోవాలి. 1982లో గడువు ముగిసేనాటికి 35 దగ్గర ఆగిపోయింది. దాన్ని ఆపడానికి ఊరూరా తిరిగినావిడ ఫిలిస్ ష్లాఫ్లీ, ఆరుగురు పిల్లల తల్లి. ఆ సవరణ వస్తే భార్యని పోషించాల్సిన బాధ్యత భర్త మీదనుంచి చట్టం తీసేస్తుందని, ఇంట్లో ఉన్న ఆడవాళ్లు వీధిన పడతారని ఆవిడ చెప్పేవారు. ఆవిడ చెప్పిన దారి నాకు నచ్చదు. ఆ భయం మాత్రం నాకు బాగా తెలుసు. పదేళ్లు అదే భయంతో బతికాను, ఆయనకేమైనా అయితే నా గతేమిటని.

లిబరల్‌లు సాధించిన వాటిలో ఒకటి 1993 నాటి ఫ్యామిలీ లీవ్ చట్టం. 12 వారాల సెలవు ఇస్తారు, జీతం ఇవ్వక్కర్లేదు. యాభైమందికి తక్కువ ఉన్న కంపెనీకి అదీ వర్తించదు. నా కొలీగ్ ఒకావిడ, ఆడవాళ్ల స్వేచ్ఛ గురించి గట్టిగా మాట్లాడే మనిషి, సిజేరియన్ అయిన ఆరు వారాలకే ఆఫీసుకి వచ్చేసింది. మధ్యాహ్నం బాత్రూంలో పాలు పిండుకుని వచ్చి డెస్కు దగ్గర కూర్చునేది. ఒకసారి అడిగాను. "వేరే దారి లేదు, ఇంటి లోను కట్టాలి" అంది. ఆవిడని చూస్తే నన్ను నేను తిరగేసి చూసుకున్నట్టుండేది. నన్ను చట్టం ఇంట్లో ఉంచింది, ఆవిణ్ణి అప్పు ఆఫీసుకి తరిమింది. మాలో ఎవరిది ఇష్టం?

మన తెలుగువాళ్లు ఈ సమస్యకి కనిపెట్టిన దారి ఒకటుంది. ఆరు నెలలు అమ్మ, ఆరు నెలలు అత్తగారు. విజిటర్ వీసా మీద ఒకరు దిగుతారు, వాళ్ల గడువు అయ్యేసరికి ఇంకొకరు ఎక్కుతారు. మా అబ్బాయి పుట్టినప్పుడు, 2012లో, మా అత్తగారు జనవరి చలిలో దిగి, చేతులు పగిలి నెత్తురొస్తున్నా బాబుకి నూనె రాసి స్నానం చేయించారు. మేము దాన్ని ప్రేమ అన్నాం, ప్రేమే అది. కానీ ఆవిడ ఆ ఆరు నెలలూ మామగారిని ఒక్కణ్ణే ఊళ్లో వదిలి వచ్చారనీ, ఆయన హోటల్ భోజనంతో గడిపారనీ మేం ఎవరం లెక్కలోకి తీసుకోలేదు. కుటుంబం చూసుకుంటుందనే మాటలో ఆ కుటుంబంలో ఎవరు చూసుకుంటారన్నది ఎప్పుడూ చెప్పరు. ఎక్కువగా అది అరవై దాటిన ఆడమనిషి.

ఆ శనివారం రాత్రి తెనాలికి ఫోన్ చేశాను. మా అమ్మ ఉద్యోగం చెయ్యలేదు, ఇంటి పట్టునే ఉంది, శుక్రవారం గడపకి పసుపు రాయకుండా కాఫీ తాగదు. దాని మనవరాలు ఇంట్లో ఉంటానంటే సంతోషిస్తుందనుకున్నాను. "చేతిలో డబ్బు లేకుండా ఎలా ఉంటుందే పిచ్చిపిల్ల? దానికి చెప్పు" అంది.

అమ్మ అలా అనడానికి కారణం ఉంది. అమ్మ పెళ్లి 1979లో అయింది. ఎన్.టి.రామారావుగారి ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకి కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. అప్పటికే పెళ్లయిపోయిన ఆడపిల్లలకి వర్తించలేదు. మా పిన్ని పెళ్లి 1988లో. తొంభైల్లో పొలాలు పంచుకున్నప్పుడు పిన్నికి ఎకరం పైన వచ్చింది, అమ్మకి పసుపు కుంకుమల కింద ఒక చీర పెట్టారు. ఒకే తల్లి పిల్లలు, ఒకే ఇంట్లో పెరిగారు. మధ్యలో ఒక తేదీ వచ్చి నిలబడింది. తాతగారు చెడ్డవారు కాదు, చట్టం ఎంత చెప్పిందో అంత చేశారు. అమ్మ నోరెత్తి ఏమీ అనలేదు. నా ఎంసీఏ ఫీజుకి తన నాలుగు గాజులూ తీసి బ్యాంకులో పెట్టింది. "నా దగ్గర లేనిది నీ దగ్గర ఉండాలి" అని ఆ రోజు ఒక్కసారే అంది. ఆ గాజులు మళ్లీ దాని చేతికి రాలేదు.

ఇప్పుడు మా అమ్మని ఏ గూట్లో పెట్టాలి? కులం చూడందే సంబంధం మాట్లాడదు. కూతురు చదవాలి, సంపాదించాలి. మగపిల్లాడు గిన్నెలు తోమితే చూడలేదు. అల్లుడు వంట చేస్తే మాత్రం అందరికీ చెప్పుకుంటుంది. ఇక్కడి తెలుగు కుటుంబాలూ అంతే. వీసాల దగ్గరికి వచ్చేసరికి లిబరల్‌లు, పిల్లల పెళ్లిళ్ల దగ్గరికి వచ్చేసరికి కన్సర్వేటివ్‌లు. ఇది తప్పని నేను అనను. ఏది కోల్పోతామనే భయం ఎక్కడ ఎక్కువుంటే అక్కడ మనిషి గట్టిగా పట్టుకుంటాడు.

మా కౌంటీలోనే జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. మేముండేది మాంట్‌గోమరీ కౌంటీ, కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. 2022లో ఇక్కడి స్కూళ్లలో చిన్న తరగతులకి స్వలింగ జంటలు, ట్రాన్స్ పిల్లలు పాత్రలుగా ఉన్న కథల పుస్తకాలు పెట్టారు. మొదట ఇష్టం లేని తల్లిదండ్రులు పిల్లల్ని ఆ పాఠానికి బయట ఉంచొచ్చన్నారు, 2023 మార్చిలో అది తీసేశారు. ముస్లింలు, క్రైస్తవుల్లో రకరకాల శాఖలవాళ్లు, చాలామంది వలస వచ్చినవాళ్లు రోడ్డెక్కారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 జూన్ 27న కోర్టు 6-3 మెజారిటీతో తల్లిదండ్రుల వైపు మొగ్గింది. మొదట్లో మా తెలుగు అమ్మల వాట్సాప్ గ్రూపు అర్ధరాత్రి దాకా మోగేది. మావాడు అప్పుడు ఐదో తరగతి. నేను బయట ఉంచమని అడగలేదు. పక్కన కూర్చుని అడిగిన ప్రశ్నలకి తెలిసినంత చెప్పాను. నా స్నేహితురాలు ఒకావిడ గట్టిగా వద్దంది. "నా పిల్లకి నేను చెప్పకముందే స్కూలు ఎందుకు చెప్పాలి?" అని అడిగింది. ఆ ప్రశ్నలో న్యాయం లేదని ఈ రోజుకీ అనలేను. కానీ ఆ క్లాసులోనే ఇద్దరు అమ్మలున్న పిల్ల ఒకతి కూర్చుని ఉంటే, ఆ కథ మొదలవగానే సగం క్లాసు లేచి బయటికి వెళ్లిపోతే, ఆ పిల్ల ముఖం ఎలా ఉంటుందని కూడా నాకు అనిపిస్తుంది. ఆ ముఖం గుర్తొస్తే కోర్టు తీర్పుకి నేను సంతోషించలేను.

మా అమ్మాయి ఈ కేసు మీద గవర్నమెంటు క్లాసుకి ఒక పేపరు రాసింది. ఆ పని మీదే దానికి 1923 నాటి ఇంకో తీర్పు దొరికింది. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక జర్మన్లంటే మండిపోతున్న రోజులవి. నెబ్రాస్కా రాష్ట్రం ఎనిమిదో తరగతి దాటని పిల్లలకి ఏ బళ్లోనూ పరాయి భాష నేర్పకూడదని చట్టం చేసింది. రాబర్ట్ మేయర్ అనే చర్చి బడి పంతులు పదేళ్ల పిల్లాడికి జర్మన్ చదవడం నేర్పుతూ దొరికిపోయాడు. 25 డాలర్లు జరిమానా వేశారు. సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. పిల్లలకి ఏం నేర్పించుకోవాలో తల్లిదండ్రులకి ఒక హక్కుంది, నేర్పే హక్కు పంతులుకుంది, రాజ్యాంగం చెప్పే స్వేచ్ఛలో అదీ భాగమే, పెళ్లి చేసుకుని ఇల్లు కట్టుకుని పిల్లల్ని పెంచుకోవడం కూడా భాగమే అంది.

నాకు ఒళ్లు జలదరించింది. ఇరవై కుటుంబాలం కలిసి ఒక స్కూలు గదులు అద్దెకి తీసుకుని ప్రతి ఆదివారం తెలుగు బడి నడుపుతున్నాం. మన గుణింతాల వెనక ఆ జర్మన్ పంతులు ఉన్నాడని నాకు తెలియదు.

"ఇంకా విను" అంది మా అమ్మాయి. పేరెంట్స్ హక్కులనే కన్సర్వేటివ్‌లు ఆ తీర్పునే చూపిస్తారట. పెళ్లయినవాళ్లు గర్భనిరోధకాలు వాడుకోవచ్చన్న 1965 తీర్పులోనూ, తెల్లవాళ్లూ నల్లవాళ్లూ పెళ్లి చేసుకోవచ్చన్న 1967 తీర్పులోనూ, స్వలింగ వివాహాల 2015 తీర్పులోనూ ఆ మేయర్ కేసే కనిపిస్తుందట. "నువ్వు నాకు తెలుగు నేర్పడం, నేను ఎవర్ని పెళ్లి చేసుకుంటానన్నది, రెండూ ఒకే కేసు అమ్మా. ఒకటి నీకు కావాలి, ఇంకోటి నాకు కావాలి. ఒకటి తీసేస్తే రెండోదీ కదులుతుంది" అంది.

ఆ శనివారం వంటింట్లో, ఇంట్లోనే ఉంటానన్నప్పుడు నేను దాని ముఖం చూడలేదు, ఇప్పుడు చూశాను. ఎవరో చెప్తే విని వచ్చి అప్పజెప్పే పిల్ల కాదిది.

ఆ రాత్రి నేను సోషల్ సెక్యూరిటీ స్టేట్‌మెంటు ప్రింటు తీసి దాని ముందు పెట్టాను. ఏ ఏడాది ఎంత సంపాదించామో అందులో వరసగా ఉంటుంది. నాది 2016తో మొదలవుతుంది. రిటైరయ్యాక సొంతంగా పెన్షన్ రావాలంటే 40 క్రెడిట్లు కావాలి, ఏడాదికి నాలుగుకి మించి రావు. అంటే కనీసం పదేళ్లు సంపాదించాలి. ఇంట్లో చేసిన పనికి ఒక్కటి కూడా రాదు. భర్త బతికున్నంతకాలం ఆయన లెక్క మీద భార్యకి వచ్చేది ఎక్కువలో ఎక్కువ ఆయనదాంట్లో సగం, విడిపోతే ఆ పెళ్లి కనీసం పదేళ్లు నిలిచి ఉండాలి.

"నిన్ను కన్నది, తమ్ముణ్ణి కన్నది, మీ ఇద్దరికీ అన్నం పెట్టింది, మాటలు నేర్పింది, ఇదిగో, ఈ కాగితం మీద ఎక్కడా లేదు" అన్నాను. "నువ్వు ఇంట్లో ఉంటే నాకు బాధ లేదు. ఇంట్లోంచి బయటికి రావాలనుకున్న రోజు తలుపు తెరుచుకోవాలి. చదువు పూర్తి చెయ్యి. ముందు కొన్నేళ్లు పని చెయ్యి. నీ పేరు మీద నీ అకౌంటు ఉంచుకో. చేసుకునే అబ్బాయితో ఈ కాగితం ముందు పెట్టి మాట్లాడు. మాట్లాడనన్నవాణ్ణి చేసుకోకు."

మావారు పక్కనే ఉన్నారు. కాగితం తీసుకుని చాలాసేపు చూశారు. "ఇన్నేళ్లలో దీన్ని నేనెప్పుడూ చూడలేదు" అన్నారు. ఆ తర్వాతి వారం నా పేరు మీద విడిగా ఒక రిటైర్‌మెంట్ ఖాతా తెరిచి ఆ పదేళ్లకీ అని కొంత వేశారు. నేను అడగలేదు.

మా అమ్మాయి మాత్రం ఒక ప్రశ్న అడిగింది. "ఒకవేళ నేను కాకుండా, అతను ఇంట్లో ఉంటానంటే?" దానికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మా అత్తగారి ముఖం, మా అమ్మ ముఖం, ఊళ్లో అందరి ముఖాలూ వరసగా గుర్తొచ్చాయి. అప్పుడూ ఇదే కాగితం అతని ముందు పెట్టాలని చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

దానికి ఈ కోరిక ఎక్కణ్ణుంచి వచ్చిందో మరుసటి ఆదివారం తెలుగు బళ్లో చూశాను. మేరీల్యాండ్‌లో హైస్కూలు దాటాలంటే 75 గంటలు సేవ చెయ్యాలి. మా అమ్మాయి అవి ఎప్పుడో పూర్తి చేసింది, అయినా చిన్నపిల్లల క్లాసు వదల్లేదు. నాలుగేళ్ల బుడ్డోడు ఒకడు 'అ' రాయలేక పెన్సిలు విసిరి బల్ల కింద దూరాడు. ఇది కూడా బల్ల కిందికే వెళ్లి, నేల మీద బోర్లా పడుకుని, వాడి చెయ్యి పట్టుకుని అక్కడే రాయించింది. పది నిమిషాలు పట్టింది. వాడు బయటికొచ్చి "అక్కా, ఇంకోటి" అన్నాడు. నేను వరండాలో నిలబడి గాజు తలుపులోంచి చూస్తున్నాను. దాని మోకాళ్లకి సుద్ద దుమ్ము అంటుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు అదే కారు నడిపింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అడిగింది.

"అమ్మా, ఆ పదేళ్లలో నీకు బాగా నచ్చిన రోజు ఒక్కటైనా ఉందా?"

ఈ ప్రశ్న నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఆ పదేళ్ల గురించి పిల్లలకి నేను చెప్పిందంతా పోగొట్టుకున్నదే.

"2010 ఫిబ్రవరిలో పెద్ద మంచు పడింది" అన్నాను. "రోడ్లన్నీ మూసేశారు. కరెంటు పోయింది. నీకు రెండేళ్లు. మీ నాన్న మఫ్లరు తలకి చుట్టి నిన్ను బాల్కనీలోకి తీసుకెళ్లాను. నువ్వు మంచు చూసి 'ఉప్పు' అన్నావు..."

"తర్వాత?" అంది. వెనక కారువాడు హారన్ కొట్టాడు. సిగ్నల్ పచ్చ అయి ఎంతసేపయిందో మేమిద్దరం చూడలేదు.